పాత అంబాసిడర్ సస్పెన్షన్ విప్పుతున్నారా? ముందు పాత రిపేర్లను వెతకండి

మా నాన్న అంబాసిడర్ 1986 మోడల్. ఇందుకూరుపేట వైపు మాకు రొయ్యల చెరువులు ఉన్న రోజుల్లో రొయ్య పిల్ల సంచులు ఆ కారు డిక్కీలోనే వచ్చేవి. ఏటా పెంచలకోన బ్రహ్మోత్సవాలకు ఎనిమిది మందిమి అందులోనే ఇరుక్కుని వెళ్లేవాళ్లం. పోయిన వేసవిలో నెల్లూరులో ఇంటి వెనక షెడ్డులో దాని ముందు చక్రాలు విప్పాను. కీళ్లలోని రబ్బరు బుష్‌లు మార్చి, గ్రీజు కొట్టి, వారంలో రోడ్డెక్కిద్దాం అనుకున్నాను.

ఎడమ వైపు కింగ్ పిన్ (ముందు చక్రం పక్కలకు తిరగడానికి ఆధారమైన నిలువు పిన్) బయటికి తీస్తుంటే, దాని కింది కొన బిగిసే ట్రనియన్ మరల్లోంచి పలచటి ఇత్తడి రేకు ముక్క చుట్టలు చుట్టుకుని వచ్చింది. మరలు అరిగి వదులైతే, ఆ వదులు తెలియకుండా ఎవరో రేకు చుట్టి బిగించారు. చక్రం చేత్తో ఊపితే గట్టిగానే ఉండేది. ఆ రేకు నలిగి జారిన రోజు పిన్ ట్రనియన్‌లోంచి ఊడిపోయి చక్రం మడ్‌గార్డు కిందికి మడతపడేది. మా చెల్లెలు పురిటికి వెళ్లింది ఆ కారులోనే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మీ ఇంట్లోనూ ఒక పాత కారు ఉండి, దాని సస్పెన్షన్ మీద చేయి వేయబోతుంటే ఈ పద్ధతి మీకోసమే. నేను అంబాసిడర్ గురించి రాస్తున్నాను గానీ, పద్మినికైనా పాత జీపుకైనా వెతికే తీరు ఇదే. అరిగిన బుష్ చప్పుడు చేస్తుంది, అరిగిన షాక్ అబ్జార్బర్ కారును ఊపుతుంది. అవి తమంతట తామే చెప్పుకుంటాయి. కానీ అతుకు వేసిన భాగం విరిగే దాకా ఏమీ చెప్పదు. అందుకే కొత్త భాగాల లిస్టు రాసుకునే ముందు పాత రిపేర్ల లిస్టు రాయాలి.

కారు లేపేటప్పుడు

చదునైన సిమెంటు నేల కావాలి. జాక్ కేవలం లేపడానికే. లేపాక చాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెట్టకండి, అవి బరువు కింద ఉన్నట్టుండి పగిలిపోతాయి. నేలమీద ఉన్న చక్రాలకు రెండు వైపులా చెక్కలు అడ్డం వేయండి. స్టాండ్ల మీదికి దించాక కారును గట్టిగా ఊపి చూడండి. కదలకుండా ఉంటేనే కిందికి దూరండి. ఒంటరిగా పని చేయకండి, ఇంట్లో ఎవరో ఒకరు మాట వినపడేంత దూరంలో ఉండాలి.

అసలు లేపడానికి ముందే ఒక కొలత తీసుకోండి. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా ఎత్తు, నాలుగు మూలలా. రెండు వైపులా ఒక వేలి మందం కంటే ఎక్కువ తేడా ఉంటే దానికి కారణం దొరికే దాకా వదలకండి. ముందు వైపు స్ప్రింగులా పనిచేసే టార్షన్ బార్ సత్తువ తగ్గి ఉండొచ్చు, వెనక బరువు మోసే కమాను పట్టీ విరిగి ఉండొచ్చు, వెనకెప్పుడో గుద్దితే చాసిస్ వంగి ఉండొచ్చు. మాది కుడి వైపు వెనక మూడు సెంటీమీటర్లు ఎత్తుగా ఉంది. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

కడగండి, గీకండి, ఫోటో తీయండి

వాటర్ సర్వీసుకు తీసుకెళ్లి అడుగంతా ప్రెషర్‌తో కడిగించండి. తర్వాత డీజిల్‌లో ముంచిన బ్రష్‌తో కీళ్ల దగ్గరి పాత గ్రీజు, మట్టి తీసేయండి. అడుగున నల్లటి తారు పూత ఉంటే, ముఖ్యంగా ఒకచోట మాత్రమే మందంగా ఉంటే, దాన్ని అనుమానించండి. చెడ్డ వెల్డింగును కప్పడానికి అంతకంటే సులువైన దారి లేదు. వైర్ బ్రష్, గీకుడు రేకు పట్టుకుని లోహం కనిపించే దాకా తీయండి. ఇది విసుగు పుట్టించే పని. నాకు రెండు రోజులు పట్టింది. నాకు దొరికిన వాటిలో సగం ఈ రెండు రోజుల్లోనే దొరికాయి.

తీరప్రాంతంలో పెరిగిన కారైతే ఇంకొంచెం ఓపిక పట్టండి. మైపాడు, కోట, కొత్తపట్నం వైపు ఉప్పు గాలికి ఇనుము లోపలి నుంచి తినేసుకుపోతుంది. పైన పెయింటు బాగానే ఉంటుంది. చిన్న సుత్తితో తడుతూ వెళ్లండి. మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మద్దెలలా మూగగా పలుకుతుంది. అనుమానం వచ్చినచోట పాత స్క్రూడ్రైవర్‌తో పొడవండి. ఒక అయస్కాంతం దగ్గర పెట్టుకోండి. అది అంటుకోని చోట ఇనుము బదులు ఎంసీల్, పుట్టీ, ఫైబర్ ఉన్నాయని అర్థం.

బోల్టు కదిపే ముందు ప్రతి కీలునూ ఫోటో తీయండి. ఎడమవి, కుడివి వేరు వేరు డబ్బాల్లో వేయండి.

విప్పకముందే చేసే పరీక్ష

అంబాసిడర్ ముందు చక్రం కింగ్ పిన్ మీద తిరుగుతుంది. పిన్ పై కొన, కింది కొన మరలతో ట్రనియన్లలో కూర్చుంటాయి. బరువంతా చక్రాన్ని చాసిస్‌కు కలిపే కింది ఆర్మ్ మీద పడుతుంది కాబట్టి, జాక్‌ను ఆ కింది ఆర్మ్ కింద పెట్టి చక్రం నేల విడిచేలా లేపండి. అప్పుడు కీలు మీద బరువు తగ్గి వదులు బయటపడుతుంది. ఒక చేయి టైరు పైన, ఒక చేయి కింద పెట్టి లోపలికీ బయటికీ ఊపండి. వదులు కనిపిస్తే, లోపల కూర్చున్న మనిషిని బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే వదులు పోతే అది చక్రం బేరింగుది. తొక్కినా ఉంటే కింగ్ పిన్‌ది. తర్వాత టైరు కింద ఒక గడ్డపార పెట్టి పైకి ఎత్తి చూడండి. మరలు అరిగితే చక్రం నిలువునా కదులుతుంది.

ఈ పరీక్షలో నెగ్గింది కదా అని నమ్మి వదిలేయకండి. మా కారు నెగ్గింది. రేకు చుట్టిన పిన్ కూడా గట్టిగానే ఉంటుంది.

టార్షన్ బార్ దగ్గర జాగ్రత్త

అంబాసిడర్ ముందు భాగంలో కాయిల్ స్ప్రింగులు ఉండవు. పొడవాటి ఉక్కు కడ్డీ ఒకటి కింది ఆర్మ్ నుంచి వెనక్కి వెళ్లి చాసిస్ అడ్డదూలానికి బిగుసుకుని ఉంటుంది. చక్రం పైకి లేచినప్పుడు ఆ కడ్డీ మెలి తిరిగి బరువు మోస్తుంది. కారు కదలకుండా ఉన్నప్పుడు కూడా అందులో మెలి నిలిచే ఉంటుంది. కింది ఆర్మ్‌కు జాక్ ఆసరా లేకుండా బోల్టు తీస్తే ఆ ఆర్మ్ ఒక్కసారిగా కిందికి కొడుతుంది. చేయి అడ్డం ఉంటే ఎముకలు మిగలవు. ఆర్మ్ కింద జాక్ పెట్టి, కీలు విడదీశాక జాక్‌ను మెల్లగా దించుతూ మెలి పూర్తిగా వదిలించాలి. మొదటిసారి చేసేవాళ్లయితే అంబాసిడర్లు విప్పిన ఒక పెద్ద మేస్త్రిని పక్కన నిలబెట్టుకోండి. నెల్లూరులో, ఒంగోలులో ట్యాక్సీ అంబాసిడర్ల మీద చేయి తిరిగినవాళ్లు ఇంకా ఉన్నారు.

ఆ కడ్డీ మీద ఉలితో గుర్తు కొట్టకండి, పైపు రెంచి వేయకండి. ఒక చిన్న గీత చాలు, మెలి తిరిగే ఉక్కు అక్కడి నుంచే పగలడం మొదలవుతుంది. గుర్తు కావాలంటే పెయింటుతో పెట్టండి. ఎడమది కుడికి మార్చకండి, కడ్డీ తాను మెలి తిరిగిన దిక్కుకే అలవాటు పడి ఉంటుంది. దానిమీద వెల్డింగ్ చుక్క, గ్యాసుతో కాల్చిన నీలి రంగు, లోతుగా తుప్పు తిన్న గుంట ఏది కనిపించినా అది పనికిరాదు.

ఎక్కడెక్కడ వెతకాలి

స్టీరింగ్ నుంచి మొదలుపెట్టండి. స్టీరింగ్ తిప్పితే చక్రాలను తిప్పే టై రాడ్, స్టీరింగ్ ఆర్మ్, చక్రాన్ని మోసే స్టబ్ యాక్సిల్, కింగ్ పిన్. వీటిమీద ఎక్కడ వెల్డింగ్ కనిపించినా, ఎంత అందంగా ఉన్నా, తీసి పక్కన పెట్టేయండి. ఇవి కొట్టి, వేడి చేసి, చల్లార్చి బలం తెచ్చిన ఉక్కు. వెల్డింగ్ వేడికి ఆ బలం పోతుంది. అతుకు నిలిచినా అతుకు పక్కన గాజులా పెళుసైపోతుంది. ఈ మాట ఒక షాపులో అంటే, "ఏం కాదు సామీ, ఇట్టాంటివి వంద ఏసినా" అన్నాడాయన. ఆ వందలో ఎన్ని నిలిచాయో ఆయనకు తెలిసే దారి లేదు, కారు వెళ్లిపోయాక మళ్లీ ఆయన దగ్గరికి రాదు కదా.

తర్వాత బోల్టులు. అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండు వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్. అందుకే బోల్టులు అంగుళం లెక్కలో ఉంటాయి. ఊళ్లో సులువుగా దొరికేవి మిల్లీమీటర్ల బోల్టులు. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. ఆ రంధ్రంలో 12 మిల్లీమీటర్ల బోల్టు వేస్తే 0.7 మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. ప్రతి గుంతకీ బోల్టు సుత్తిలా కొడుతుంది, రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి సాగుతుంది. అప్పుడు ఇంకో చేయి వచ్చి వాషర్ పెట్టి వెల్డింగ్ వేస్తుంది. మా కుడి వైపు కింది ఆర్మ్ దగ్గర సరిగ్గా ఇదే జరిగింది. 5/16 అంగుళం బదులు 8 మిల్లీమీటర్ల బోల్టు ఇంకా మోసం చేస్తుంది, రెండు మూడు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది. బిగిసింది అనిపిస్తుంది గానీ మరలు నలిగిపోయి ఉంటాయి.

బోల్టు తల మీద చూడండి. అంగుళం బోల్టుకు మూడు గీతలు గానీ ఆరు గీతలు గానీ, మిల్లీమీటర్ల బోల్టుకు 8.8 లేదా 10.9 అంకెలు ఉంటే గట్టి రకం. ఏ గుర్తూ లేకపోతే దాన్ని మామూలు మెత్తటి బోల్టు అనుకుని మార్చేయండి. ఇంకొకటి, తల దాకా మరలు ఉన్న బోల్టు సస్పెన్షన్ కీలులో ఉండకూడదు. బరువు పడేచోట నున్నటి కాండం ఉండాలి. మరలు ఉంటే అదే కోత పడే చోటవుతుంది.

నట్టు ఊడిపోకుండా దూర్చే స్ప్లిట్ పిన్ ఉండాల్సిన చోట మేకు, బైండింగ్ వైరు ఉంటే అది ఎవరో దారిలో ఆగిపోయి ఇంటికి చేరడానికి చేసిన పని. ఆ రోజుకు అది తప్పు కాదు. ఇంటికి చేరాక ఎవరూ మార్చకపోవడమే ప్రమాదం తెచ్చింది. మా కారులో దొరికిన మేకు గురించి నాన్నను అడిగితే 1990ల్లో కావలి దగ్గర రాత్రిపూట ఆగిపోయిన సంగతి గుర్తు చేసుకున్నారు. ఆ మేకు అప్పటిదే కావచ్చు అన్నారు.

బుష్‌లను వేలితో నొక్కి చూడండి. పాత టైరు ముక్కను గుండ్రంగా కోసి బుష్‌గా వేయడం మన దగ్గర మామూలే. అందులో పోగులు కనిపిస్తాయి. అది కీలును మధ్యలో నిలపలేదు, చక్రం కోణం మారుతూనే ఉంటుంది.

ఇక వెనక వైపు. మా కారు కుడి మూల ఎత్తుగా ఎందుకుందంటే, ఆ వైపు కమాను కట్టలో వేరే బండి పట్టీ ఒకటి అదనంగా దూర్చారు. రొయ్యల బరువుకు కుంగుతుందని వేయించి ఉంటారు. రెండు వైపులా వేయకుండా ఒక్క వైపే వేశారు. దాంతో బ్రేకు తొక్కితే కారు పక్కకు లాగేది. మేము అలైన్‌మెంట్ అనుకుని మూడుసార్లు చేయించాం. పట్టీల్లో వెల్డింగ్ ఉందా, కొత్తగా రంధ్రం పెట్టారా చూడండి. రెండూ పనికిరావు. కమాను ఉక్కు అతుకును భరించదు. పట్టీలను కలిపే మధ్య బోల్టు తెగితే ఇరుసు వెనక్కో ముందుకో జరుగుతుంది. రెండు వైపులా ముందు చక్రం నుంచి వెనక చక్రానికి దూరం కొలిస్తే తెలిసిపోతుంది. ఇరుసును కమానుకు పట్టి ఉంచే యూ బోల్టులు గీతలు గీతలుగా, ముళ్లు ముళ్లుగా ఉంటే అవి ఇల్లు కట్టే కడ్డీని వంచి మర కోసినవి. వెంటనే మార్చండి.

కమాన్లు చాసిస్‌కు తగిలే చోట, టార్షన్ బార్ వెనక కొన ఉండే అడ్డదూలం దగ్గర ఎక్కువసేపు గడపండి. రొయ్య పిల్ల సంచుల్లోంచి కారిన ఉప్పు నీరు డిక్కీ నేల మీదుగా దిగి మా కారు వెనక హ్యాంగర్లను (కమాన్లను చాసిస్‌కు పట్టి ఉంచేవి) లోపలి నుంచి తినేసింది. పైన ఒక రేకు పట్టీ వేసి నాలుగు చుక్కలు వెల్డింగ్ పెట్టి, తారు పూశారు. ఆ రేకు కింద చేయి పెడితే తుప్పు పొడిలా రాలింది.

బ్రేకు గొట్టాలు ఎలాగూ మీ కళ్ల ముందే ఉంటాయి, వాటినీ చూడండి. ఏదైనా ఇనుప గొట్టాన్ని కొట్టి చదును చేసి మూసేశారా అని ప్రత్యేకంగా వెతకండి. ఒక చక్రం దగ్గర కారుతుంటే ఆ చక్రానికి బ్రేకు ఆయిలే వెళ్లకుండా చేసి పంపించడం చాలాచోట్ల జరిగింది. మిగతా మూడింటితో కారు ఆగుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. వాన పడిన రోడ్డు మీద గట్టిగా తొక్కినప్పుడు కారు తిరిగిపోతుంది.

ఒక తప్పు దొరికితే అక్కడితో ఆగకండి. రెండో వైపు అదే చోట చూడండి. ఆ చేయి ఇంకెక్కడెక్కడ పడిందో చూడండి. ఒకే రకం వెల్డింగ్, ఒకే రకం బోల్టు, ఒకే రంగు పెయింటు మీకు దారి చూపిస్తాయి.

కంటికి కనపడని పగులు

బాగున్నట్టే ఉన్న స్టబ్ యాక్సిల్, స్టీరింగ్ ఆర్మ్‌లను కూడా పరీక్షించాలి. షాపుల్లో మూడు డబ్బాల పెనెట్రెంట్ కిట్ దొరుకుతుంది, ఎర్రది చల్లి, తుడిచి, తెల్లది చల్లితే పగులు ఉన్నచోట ఎర్ర గీత తేలుతుంది. అది దొరక్కపోతే పాత పద్ధతి ఉంది. భాగాన్ని శుభ్రంగా కడిగి ఆరబెట్టండి. కిరసనాయిలులో కొన్ని గంటలు ముంచండి. తీసి పొడి గుడ్డతో పూర్తిగా తుడవండి. సుద్దపొడిని స్పిరిట్‌లో కలిపి పలచగా పూసి ఆరనివ్వండి. తర్వాత చెక్కసుత్తితో మెల్లగా తట్టండి. పగులులో దాగిన కిరసనాయిలు సుద్ద మీదికి తడి గీతలా వస్తుంది. ఈ పని నిప్పుకు, బీడీలకు దూరంగా చేయాలి. మా ఎడమ స్టీరింగ్ ఆర్మ్ మీద వెంట్రుకంత గీత ఇలాగే బయటపడింది. దాని మీద వెల్డింగ్ లేదు, ఎవరూ ముట్టుకోలేదు. పక్కనున్న కింగ్ పిన్ వదులుగా కొట్టిన దెబ్బలకే పగిలి ఉంటుందని నా అనుమానం.

ఏది ఉంచాలి, ఏది పారేయాలి

స్టీరింగ్, కింగ్ పిన్, స్టబ్ యాక్సిల్, టార్షన్ బార్, కమాను పట్టీలు, యూ బోల్టులు: వీటిలో లోపం ఉంటే బాగుచేయించే ఆలోచన పెట్టుకోకండి, మార్చేయండి. ఖర్చు చూసి వెనకాడాల్సిన చోటు ఇది కాదు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది కాబట్టి భాగాలకు కొంచెం తిరగాలి. నెల్లూరు నుంచైతే చెన్నై దగ్గర, అక్కడ జీపీ రోడ్డులో కొత్తవి, పుదుపేటలో పాతవి దొరుకుతాయి. ఒంగోలు వాళ్లకు విజయవాడ ఆటోనగర్ దగ్గర. పుదుపేటలో కొన్న పాత భాగానికి కూడా సుద్ద పరీక్ష చేయకుండా బిగించకండి. కొత్త కింగ్ పిన్ కొంటే షాపులోనే ట్రనియన్‌లో తిప్పి చూడండి. చివరి దాకా ఒకే బిగువుతో, పట్టేయకుండా తిరగాలి.

చాసిస్ రేకు సంగతి వేరు. అది మామూలు ఇనుము, సరిగ్గా చేస్తే వెల్డింగ్ నిలుస్తుంది. తుప్పు మీద రేకు కప్పడం కాకుండా, మంచి ఇనుము వచ్చే దాకా కోసేసి, అంతే మందం రేకును చుట్టూ తెగకుండా సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాసు) వెల్డింగ్‌తో అతికించాలి. ముందు బ్యాటరీ తీసేయండి. వెనక హ్యాంగర్ పనైతే పెట్రోల్ ట్యాంకు విప్పి షెడ్డు బయటికి తీసుకెళ్లండి. ఖాళీ ట్యాంకే కదా అని అక్కడే ఉంచకండి, అందులోని ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదం. పక్కన ఇసుక బకెట్టు పెట్టుకోండి. వెల్డింగ్ అయ్యాక తారు పూయనివ్వకండి. మీరు చూసి, ఫోటో తీసి, ఆ తర్వాతే ప్రైమర్, పూత.

బిగించేటప్పుడు

రబ్బరు బుష్‌ల బోల్టులను చక్రాలు గాల్లో ఉండగా చివరి బిగువు బిగించకూడదు. కారును నేల మీదికి దించి, నాలుగుసార్లు కిందికి నొక్కి వదిలి, ఆ ఎత్తులో బిగించండి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలి తిరిగే ఉండి కొన్ని నెలల్లో చిరుగుతుంది. స్ప్లిట్ పిన్‌లు అన్నీ కొత్తవే వేయండి. కింగ్ పిన్‌లకు గ్రీజు చక్రాలు లేపి ఉండగా కొట్టండి, అంచుల్లోంచి కొత్త గ్రీజు బయటికి వచ్చే దాకా. గ్రీజు లోపలికి వెళ్లే నిప్పిల్ మూసుకుపోయి గ్రీజు వెళ్లకపోతే నిప్పిల్ మార్చండి. మా ఎడమ వైపు కింది నిప్పిల్ మీద మూడు పొరల పెయింటు ఉంది. దానిలోకి ఎన్నేళ్లుగా గ్రీజు వెళ్లలేదో, మరలు ఎందుకు అరిగాయో అక్కడే అర్థమైంది. నేను ఇప్పుడు ప్రతి 1,500 కిలోమీటర్లకు కొడుతున్నాను.

మొదటి రోజే హైవే ఎక్కకండి. వీధిలో 20 కిలోమీటర్ల వేగంతో తిప్పి, బ్రేకులు చూసి, ఇంటికొచ్చి ప్రతి బోల్టు మీద పానా వేయండి. అలైన్‌మెంట్ చేయించండి. యూ బోల్టులు 100 కిలోమీటర్ల తర్వాత మళ్లీ బిగించండి, కొత్త పట్టీలు సర్దుకున్నాక అవి తప్పకుండా వదులవుతాయి. ఏ భాగం ఎప్పుడు మార్చారో ఒక నోటు పుస్తకంలో రాసి, ఫోటోలు అంటించి డ్యాష్‌బోర్డు అరలో పెట్టండి. మీ తర్వాత ఆ కారు కిందికి దూరేవాళ్లకు అది కావాలి.

తీసేసిన భాగాలను పాత ఇనుము వాళ్లకు అలాగే ఇవ్వకండి. పగిలిన ఆర్మ్‌ను తోమి, పెయింటు వేసి ఎవరికో ఒకరికి మళ్లీ అమ్మే వీలుంది. గ్రైండర్‌తో మధ్యకు కోసి, రెండు ముక్కలు చేసి ఇవ్వండి. మా కింగ్ పిన్‌ను, ఆ ఇత్తడి రేకు చుట్టిన ట్రనియన్‌ను నేను అలాగే కోశాను. కోసే ముందు నాన్నకు చూపించాను. ఆయన ఆ రేకును వేళ్ల మధ్య తిప్పి చాలాసేపు చూసి, గ్రైండర్ ఆన్ చేయమన్నారు.